పొద్దుగూకాక తెల్లది గడప దాటదు

సైరాకాన్‌కి యాభై తొమ్మిదేళ్ళు. అందులో ఓ ఇరవై ఏళ్ళు నిద్రలోనే గడిపేసిందని కొండ మీద అందరి నమ్మకం. నిజానికి ఆ ఇరవై ఏళ్ళలో ఆవిడ కంటినిండా నిద్రపోయిన రాత్రి ఒక్కటి కూడా లేదు. ఈ రెండో సంగతి బయటపడడానికి ఒక కోడలు, ఒక డాక్టరు, ఒక ప్లాస్టిక్ ముసుగు కావలసివచ్చాయి. మొదటి సంగతి మాత్రం ఎవరూ చెప్పకుండానే నాలుగు లోయలకీ పాకింది. లోకం తీరే అంత, ఏంచేస్తాం.

ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు పడేది. పిండి పిసుకుతూ పిండిలోనే చేతులుంచి నిద్రపోయేది. ఓసారి బస్సులో నిద్రపోయి, దిగాల్సిన ఊరు దాటి రెండూళ్ళ అవతల తేలింది. అన్నిటికన్నా ప్రమాదం గుర్రాల దగ్గర. ఆడగుర్రానికి పొద్దున ఒకసారి పితికి చేతులు కడుక్కుంటే కుదరదు. రెండు గంటలకోసారి, రోజుకి ఆరేడుసార్లు పితకాలి. ముందు పిల్లని వదిలి, అది రెండు గుక్కలు తాగి పాలు చేపాక పక్కకి లాగి, ఒక మోకాలు మీద బకెట్ ఆనించి గబగబా పిండుకోవాలి. ఆ గబగబాలో సైరాకాన్ నుదురు గుర్రం డొక్కకి తగిలేది. వెచ్చగా ఉండేది. అంతే, మరుక్షణం ఆవిడ ఈ లోకంలో లేదు.

"నిద్రమొహం" అని పేరు పెట్టింది కాలీచా. కాలీచా సైరాకాన్‌కి ఆడపడుచు, మొగుడికి అక్క. వాగుకి ఈ పక్క సైరాకాన్ ఉన్ని గుడారం, ఆ పక్క కాలీచాది. రెండిళ్ళ గుర్రాలనీ కలిపి కాలీచా మొగుడే పైకి తోలుకెళ్ళి మేపుతాడు. కాబట్టి ఎండాకాలం మూడు నెలలూ ఆ ఇద్దరాడవాళ్ళకీ ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదు. వేళాకోళానికి పుట్టిన పేరే అది. ఇసాబెక్ పోయినప్పటినుంచీ మాత్రం అది వేళాకోళం కాకుండా పోయింది.

ఆరేళ్ళ కిందటి మాట. సైరాకాన్ మొగుడు ఇసాబెక్ పోయాడు. ఆడవాళ్ళంతా గుడారం లోపల గోడవైపు తిరిగి కూర్చుని, పరామర్శకి వచ్చిన ప్రతి గుంపుకీ శోకాలు అందుకోవాలి. ముందు అందుకోవాల్సింది భార్య. మూడు రోజులు అందుకుంది. మూడోరోజు మధ్యాహ్నం పక్క లోయనుంచి వియ్యాలవారి గుంపు దిగి, బయట మగవాళ్ళు గొల్లుమని, లోపల ఆడవాళ్ళు రాగం తీసే సమయానికి సైరాకాన్ గురకపెట్టింది. మామూలు గురక కాదు. కాలీచా పక్కనే ఉంది. ఆ గురక బయటికి వినపడకుండా ఉండాలని తమ్ముడి పేరు పెట్టి గొంతు చించుకుని ఏడ్చింది, ఏడుస్తూనే మరదలి తొడ మీద రక్తం చిమ్మేలా గిల్లింది. గురక ఆగింది. ఆ మచ్చ పోయింది కాని ఆ మాట పోలేదు. మొగుడి శవం లేవకముందే నిద్రపోయిన మనిషి అని ఇప్పటికీ అంటారు. సైరాకాన్ ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఏమని చెప్తుంది? నిద్రపోయిన మాట నిజమే కదా.

కోడలు జిపార్ కింది ఊళ్ళో ఆరోగ్యకేంద్రంలో నర్సు. కాపురానికి వచ్చిన మొదటి చలికాలం గోడ అవతలినుంచి అత్తగారి గురక విని నవ్వుకుంది. రెండో చలికాలం ఆ గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం విని నవ్వడం మానేసింది. వాచీ పెట్టుకుని లెక్కపెట్టింది. మూడో చలికాలం బలవంతంగా రాజధాని బిష్కెక్‌కి తీసుకెళ్ళింది. అక్కడ ఒంటినిండా తీగలు అంటించి ఒక రాత్రి పడుకోబెట్టారు. పొద్దున డాక్టరమ్మ కాగితం చూసి, "గంటకి నలభై ఆరుసార్లు మీ ఊపిరి ఆగుతోందమ్మా" అంది.

సైరాకాన్ కాసేపు ఆలోచించింది. "మరి మళ్ళీ ఎవరు మొదలెడుతున్నారు?"

"మీరే. ఆగినప్పుడల్లా మీ ఒళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది. మీకు తెలీదంతే. రాత్రంతా బరువులు మోసినట్టు లెక్క. పగలు నిద్రొస్తుందంటే రాదా మరి?"

ఆ మాటకి సైరాకాన్‌కి ఏడుపొచ్చింది. రోగం ఉందని కాదు. నువ్వు సోమరిదానివి కాదు అని ఇరవై ఏళ్ళకి ఒక మనిషి నోటివెంట విన్నందుకు.

ముక్కుకి ముసుగు, ముసుగుకి గొట్టం, గొట్టం చివర చిన్న మిషను. సీపాప్ అంటారట. రాత్రంతా గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మొదటి వారం మనవరాలు నానమ్మని చూసి ఏనుగని జడుసుకుంది. రెండో వారానికి సైరాకాన్ తెల్లవారి లేచి, టీ పెట్టి, మధ్యాహ్నమైనా ఇంకా మెలకువగానే ఉంది. తనే నమ్మలేకపోయింది. ఆ చలికాలమంతా ఊళ్ళో కరెంటు పుణ్యమా అని నిద్రపోయింది.

మే నెల వచ్చింది. గుర్రాలని కొండకెక్కించాలి. కొండ మీద కరెంటు ఎక్కడిది? మూడు వేల మీటర్ల ఎత్తు. డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. "అక్కడ గాలే పలచన. మిషను లేకుండా ఒక్క రాత్రి కూడా వద్దు. మిషను ఆగితే కిందికి దిగిపోండి." కొడుకు తిలెక్ అసలు ఎక్కొద్దన్నాడు. కాని కుమిస్ చెయ్యడంలో సైరాకాన్ చెయ్యి ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. గుర్రప్పాలు పీపాలో పోసి, కవ్వంతో ఏ పొద్దున ఎన్నిసార్లు చిలకాలో, పులుపు ఎక్కడ ఆపాలో ఆవిడ వేళ్ళకి తెలుసు. మనిషిని నిద్రమొహం అన్నవాళ్ళు కూడా ఆవిడ కుమిస్ తాగి గిన్నె మళ్ళీ చాపేవారు. ఊళ్ళో కూర్చుంటే ఆవిడ ఉత్త ముసలిది. కొండ మీద మాత్రం ఒక మనిషి.

అందుకని జిపార్ ఒక కరెంటు పెట్టె తెప్పించింది. తెల్లగా, రెండు టీకెటిళ్ళు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, పైన పట్టుకోడానికి పిడి. దానితోపాటు మడతపెట్టే సోలార్ పలక. పగలు ఎండలో పలక పరిస్తే పెట్టె నిండుతుంది. రాత్రి పెట్టెనుంచి మిషను నడుస్తుంది.

"అత్తమ్మా, జాగ్రత్తగా వినండి. మిషనులో నీళ్ళు వేడిచేసే బటన్ ఉంది చూడండి, దాన్ని అస్సలు ముట్టుకోవద్దు. అది నొక్కారంటే తెల్లారకముందే పెట్టె చచ్చిపోద్ది."

"మరి ముక్కు ఎండిపోదూ?"

"ఎండనీండి. ముక్కు కావాలా ఊపిరి కావాలా? ఇంకోటి, గోడ ప్లగ్గు లాంటి ఈ పెద్ద కన్నంలో పెట్టకండి, ఈ గుండ్రటి చిన్న కన్నంలోనే పెట్టండి. దీన్లో అయితే కరెంటు తక్కువ తింటుంది. రాత్రి చలికి పెట్టె మొద్దుబారుద్ది, గొర్రెతోలు కప్పండి. పక్కన ఈ గాలికన్నాలు మాత్రం మూయకండి."

"దానికీ ఊపిరాడాలా! ఇద్దరం ఒకటే బాపతన్నమాట."

లెక్క తొందరగానే అర్థమైంది. వందతో పడుకుంటే యాభై అయిదుతో లేస్తుంది. అంటే ఒక రాత్రికి నలభై అయిదు. పగలు ఎండ బాగా కాస్తే మళ్ళీ వంద. మొదటి నాలుగు రోజులు అలాగే గడిచాయి, సైరాకాన్ ఇంత సుఖం ఉంటుందా అనుకుంది.

అయిదోరోజుకి కొండంతా తెలిసిపోయింది, సైరాకాన్ గుడారంలో కరెంటు ఉందని. ఒక్కొక్కరే వాగు దాటి రావడం మొదలెట్టారు. వచ్చినవాడు ముందు రొట్టె తుంచాలి, టీ తాగాలి, గుర్రాల సంగతి, వానల సంగతి మాట్లాడాలి. అంతా అయ్యాక కోటు జేబులోంచి ఫోను తీసి, "అక్కా, కొంచెం నిప్పు దొరుకుతుందా?" అనేవాడు. నిప్పు అనేవారు, కరెంటు అనేవారు కాదు. అదే ఆవిడ ప్రాణం తీసింది. పొయ్యి ఆరిపోయి నిప్పుకని వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపిన ఇల్లు ఆ కొండ మీద లేదు. వాళ్ళమ్మ పంపలేదు, వాళ్ళమ్మమ్మ పంపలేదు. ఈవిడెలా పంపుతుంది? "పెట్టుకో నాయనా" అనేది. ఒక్కో ఫోనూ ఏడు మింగేది. అంటే గంటకి పైగా ఆవిడ నిద్ర. ఆ సంగతి ఎవరికీ తెలీదు, ఆవిడా చెప్పలేదు. నా ఊపిరి తింటున్నారు అని అతిథి మొహాన ఎలా అంటారు?

ఓ మంగళవారం పెట్టె ముప్ఫైతో పక్కలోకి వచ్చింది. తెల్లవారుజామున మిషను ఆగిపోయి, ముసుగు మొహానికి అంటుకుని, సైరాకాన్ నీళ్ళలో మునిగినదానిలా కొట్టుకుంటూ లేచింది. ఆపైన మళ్ళీ పడుకోడానికి భయమేసి కూర్చునే ఉంది. పొద్దున పితకడానికి వెళ్ళి, మచ్చలగుర్రం డొక్కకి నుదురు ఆనించింది. అంతే. గుర్రం కాలు విదిలించింది, బకెట్ ఎగిరిపోయింది, పాలన్నీ గడ్డి పాలు.

వాగు అవతలినుంచి కాలీచా చూసింది. ఆవిడ చూడనిది ఏముంది కనక.

"నిద్రమొహం లేచిందా? పాలు నేలకి తాగిస్తున్నావేమే? అంత మిషను, అంత పెట్టె, అంత హంగామా దేనికే మరి? వెనక నీ మొగుడికి చేసిన మర్యాదే ఇప్పుడు గుర్రాలకీ చేస్తున్నావు!"

శుక్రవారం కుమిస్ కిందికి తీసుకెళ్ళడానికి తిలెక్ ట్రక్కేసుకుని వచ్చాడు. ఎవరు చెప్పారో మరి, అప్పటికే అంతా తెలుసు.

"అమ్మా, ఇంకో వారం చూస్తా. ఇంకొక్కసారి మిషను ఆగిందని తెలిస్తే వచ్చే శుక్రవారం పీపాలు వదిలేసి నిన్ను ఎక్కించుకుపోతా. గుర్రాల సంగతి అత్త చూసుకుంటుంది."

"కాలీచా చేతిలో నా పీపా పెడతావా?"

"పీపా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చమ్మా."

సైరాకాన్ అలసిపోయింది. మిషను ఆపమన్నవాళ్ళు ఎవరూ లేరు, అందరూ మంచివాళ్ళే, అందరూ రొట్టె తుంచి దీవించి పోతున్నారు. మంచివాళ్ళ చేతిలోనే తన పని అయిపోతుందేమో అనిపించింది.

మర్నాడు శనివారం. పొద్దుగూకింది. ఆఖరుసారి పితికి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి ఎగువనుంచి ఇద్దరు గుర్రాలమీద దిగారు. గడప దగ్గర నిలబడి ఇద్దరూ కలిసి మూడు ఫోన్లు తీశారు. సైరాకాన్‌కి వాళ్ళ మీద కోపం లేదు, ఒంట్లో ఓపికే లేదు. నోరు దానంతటదే మాట్లాడింది.

"పొద్దుగూకింది కద నాయనా. ఈ వేళప్పుడు తెల్లది గడప దాటదు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. దీపాలు పెట్టాక ఇంట్లోంచి తెల్లది, అంటే పాలు, పెరుగు, తోడు, కుమిస్ ఏదీ బయటికి ఇవ్వరు. ఇస్తే ఇంటి కలిమి వాటి వెంట పోతుంది. ఇది పాలు తాగే పసివాడికి కూడా తెలిసిన సంగతి. కాని ఇది కరెంటు కదా? పెద్దవాడు లోపలికి తొంగి చూశాడు. గొర్రెతోలు పక్కన పెట్టె పాలనురగలా తెల్లగా మెరుస్తోంది. వాడు నెత్తి గోక్కున్నాడు.

"తెల్లదేగా... అవునూ, తెల్లదే. పొద్దున వస్తాం అక్కా."

వెళ్ళిపోయారు. సైరాకాన్ అక్కడే కూలబడి చాలాసేపు తనలో తను నవ్వుకుంది. తను అబద్ధమాడిందో నిజమే చెప్పిందో తనకే తెలీలేదు.

సంగతి మర్నాటికల్లా ఒరోజ్ తాత దాకా వెళ్ళింది. ఎనభై ఏళ్ళ మనిషి, నమాజు వేళలూ కొండ కట్టుబాట్లూ ఆయన నోట్లోంచే రావాలి. కాలీచా వెళ్ళి నిలదీసింది. "పెద్దాయనా, రేకుడబ్బా పాలెలా అవుతుంది? దీని తెలివి చూడు, కట్టుబాటుని అడ్డం పెట్టుకుంటోంది!"

తాత గడ్డం నిమురుకున్నాడు. "ఆ డబ్బా లేకపోతే సైరా ఊపిరి ఆగుద్దని కోడలు చెప్పిందిగా. ఊపిరికన్నా పెద్ద కలిమి ఏముందే ఇంట్లో? తెల్లదే. పొద్దుండగా ఎంతైనా ఇవ్వొచ్చు, పొద్దుగూకాక మాత్రం ఇవ్వకూడదు. పో."

ఆ తీర్పు ఎంత చక్కగా కుదిరిందంటే, తాతకి కూడా తెలిసుండదు. పగలు ఎండ ఇచ్చినదాంట్లోంచి పదిమందికీ పెట్టొచ్చు. సాయంత్రమయ్యేసరికి మిగిలింది తనది. మిట్టమధ్యాహ్నమే వచ్చి ఫోన్లు పెట్టుకుని పోతున్నారు. ఆలస్యమైనవాళ్ళకి మాత్రం పేచీలే. ఆ లోయలో పొద్దు ఆరింటికే పడమటి గట్టు వెనక్కి పోతుంది, వెలుతురు మాత్రం తొమ్మిదిదాకా ఉంటుంది. గట్టు వెనక్కి పోతే గూకినట్టా కాదా అని ఒకడు వాగు ఒడ్డున గంటసేపు వాదించాడు. ఆ గంటలో గట్టెక్కి చూసి రావచ్చు కదరా అని అందరూ నవ్వారు. నాలుగు రాత్రులు పెట్టె తొంభైకి తగ్గకుండా పక్కలోకి వచ్చింది. నాలుగు పొద్దుట్లు సైరాకాన్ తలెత్తుకుని పితికింది.

బుధవారం వాన పట్టుకుంది. పలక మీద వేలెడు ఎండ పడలేదు. పగలే కదా అని ఇద్దరు ఫోన్లు తెచ్చారు. పగలే కాబట్టి కాదనలేకపోయింది. ఎలాగో ఆ రాత్రి గట్టెక్కింది, గురువారం పొద్దున పెట్టెలో ఆరు మిగిలింది. గురువారం మళ్ళీ వాన. ఆవిడ తడుస్తూనే పలకని ఆ గట్టుకీ ఈ గట్టుకీ తిప్పింది, వెలుతురు ఎటు కాస్త పలచగా ఉంటే అటు. పొద్దుగూకేసరికి ముప్ఫై ఒకటి. పూర్తి రాత్రికి చాలదు. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే సరిపోతుందని లెక్కేసుకుంది. తెల్లారితే శుక్రవారం, తిలెక్ వస్తాడు. ఈ ఒక్క రాత్రి మిషను ఆగకుండా గడిస్తే చాలు.

తొమ్మిదవుతుండగా తలుపు ఉన్నితెర లేచింది. కాలీచా. తడిసి ముద్దయిపోయి ఉంది. ఆ గడప తొక్కి రెండేళ్ళయింది.

"రా వదినా, కూర్చో. టీ తాగుదువు."

కాలీచా కూర్చుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది, నమలడం మర్చిపోయింది. ఎడమచేతి పిడికిలి బిగించే ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఫోను అంచు కనిపిస్తోంది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు బెగాయిమ్ బిష్కెక్‌లో ఉంటోందని, ముప్ఫై ఆరేళ్ళకి, పెళ్ళయిన పన్నెండేళ్ళకి కడుపు పండిందని, పురుటి రోజులని సైరాకాన్‌కి తెలుసు.

"నొప్పులొచ్చాయా?"

"పొద్దున సిగ్నలు కోసం రాయి మీదికెక్కితే అల్లుడు ఫోనులో చెప్పాడు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అన్నాడు. అంతలో ఇది చచ్చింది." కాలీచా ఫోను వంక చూడకుండా పెట్టె వంక చూడకుండా పొయ్యి వంక చూసింది. "నేనేం అడగడానికి రాలేదు. పొద్దుగూకిందని నాకు తెలుసు. కాలు నిలవక వచ్చాను. టీ తాగి పోతాను."

ఆ మనిషి అడగదు. తల తెగినా అడగదు. సైరాకాన్ అలా చూస్తూ కూర్చుంది. మనసులో ఏమీ లేదని నేనంటే అబద్ధం. గిల్లిన గిల్లుడు గుర్తొచ్చింది. నిద్రమొహం అని వాగు అవతలినుంచి వేసిన కేకలన్నీ గుర్తొచ్చాయి. ముప్ఫై ఒకటిలోంచి ఏడు తీస్తే ఇరవై నాలుగు, మూడింటికల్లా మిషను ఆగిపోతుంది, రేపు ట్రక్కు. అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆపైన లేచి, కాలీచా పిడికిలి విప్పి ఫోను తీసుకుంది.

"ఏయ్, ఏంటే అది? పొద్దుగూకింది!"

"అడిగితేగా కట్టుబాటు. నువ్వు అడగలేదుగా."

ఫోను పెట్టెకి తగిలించింది. కాలీచా కాసేపటికి తన తలగుడ్డ అంచునుంచి ఒక దారప్పోగు లాగి, వంగి, పెట్టె పిడికి కట్టింది. వేళ కాని వేళ తెల్లది ఇవ్వాల్సివస్తే ఇంటి కలిమి దాని వెంట పోకుండా కట్టే కట్టు అది. కట్టి, ఫోను నిండగానే పట్టుకుని వానలో రాయివైపు వెళ్ళిపోయింది. రాయెక్కితేనే సిగ్నలు.

సైరాకాన్ పదకొండుదాకా చూసి, ముసుగు తగిలించుకుని పడుకుంది. పెట్టె మీద ఇరవై నాలుగు. అయిందేదో అవుతుందని కళ్ళు మూసుకుంది.

లేచేసరికి తెల్లగా తెల్లవారింది. పొయ్యిలో నిప్పు రాజుకుని ఉంది. ముసుగు మొహం మీద లేదు, మడతపెట్టి దిండు పక్కన ఉంది. పెట్టె చచ్చిపోయి ఉంది. కాళ్ళ దగ్గర కాలీచా కూర్చుని ఉంది, కళ్ళు చింతనిప్పులు. ఒళ్ళో చెక్కగిన్నె, గిన్నెనిండా ఎండబెట్టిన ఉప్పుపెరుగు ఉండలు.

"ఆడపిల్ల," అంది కాలీచా. "ఇద్దరూ కులాసా. నీకు చెబుదామని అర్ధరాత్రి వచ్చా. నువ్వు నిద్రపోతున్నావు. డబ్బా మీద అంకె చూశా. నా ఫోను తిన్నది ఎంతో అప్పుడు తెలిసింది."

"రాత్రంతా కూర్చున్నావా?"

"మూడింటికి మిషను ఆగింది. నీ మొహం మీంచి అది ఊడబీకి, పక్కకి తిప్పి పడుకోబెట్టా. లేపుదామంటే... ఇరవై ఏళ్ళ నిద్ర, ఎలా లేపను? ఊపిరి ఆగినప్పుడల్లా భుజం పట్టి కుదిపా. కుదిపినప్పుడల్లా ఈ గిన్నెలో ఒక ఉండ వేశా." గిన్నె ముందుకి జరిపింది. "లెక్కపెట్టుకో."

సైరాకాన్ గిన్నెలోకి చూసింది. అరవై ఉంటాయి, ఇంకా ఎక్కువేనేమో. తెల్లటి ఉండలు.

"ఇన్నా?"

"రెండున్నర గంటల్లో. నువ్వు చచ్చిన లెక్క అది." కాలీచా గిన్నె మీద చెయ్యి బోర్లించింది. "సైరా, ఆ రోజు... నా తమ్ముడి దగ్గర. నేను గిల్లితే నీ గురక ఆగింది కదా. నా గిల్లుడికే ఆగిందనుకున్నా. హమ్మయ్య, పరువు దక్కింది అనుకున్నా. నీ ఊపిరే ఆగిందేమో అని తిరిగి కూడా చూళ్ళేదే. నువ్వు నా పక్కన చచ్చి బతుకుతుంటే నేను రాగం తీస్తున్నా."

సైరాకాన్ ఆరేళ్ళుగా ఈ మాట ఎవరో ఒకరు అంటారని ఎదురుచూసింది. ఈ నోటినుంచి వస్తుందని మాత్రం అనుకోలేదు. కాలీచా చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గోడవైపు తిరగలేదు, రాగాలు తియ్యలేదు, ఊరికే ఏడ్చారు.

వాన వెలిసింది. ఇద్దరూ కలిసి పితకడానికి వెళ్ళారు. మచ్చలగుర్రం దగ్గర బకెట్ ఒరిగిన చప్పుడై సైరాకాన్ తిరిగి చూస్తే, కాలీచా నుదురు గుర్రం డొక్కకి ఆనించి నిద్రపోతోంది. సైరాకాన్ గబుక్కున వెళ్ళి బకెట్ పట్టుకుంది. మనిషిని లేపలేదు. తన దళసరి కోటు తీసి భుజాల చుట్టూ కప్పి, నడిపించి తెచ్చి, గుడారం పక్కన ఎండలో పరిచిన సోలార్ పలక పక్కనే కూర్చోబెట్టింది.

తిలెక్ ట్రక్కు దిగి నేరుగా లోపలికెళ్ళి, చచ్చిపోయిన పెట్టె చూసి బయటికొచ్చాడు.

"ఆగిందిగా అమ్మా. సర్దుకో."

కాలీచా కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పింది. "ఆగింది. ఆగితే నేను కూర్చున్నా. ఇకమీద వాన పట్టినప్పుడల్లా కూర్చుంటా. మీ అమ్మ ఎక్కడికీ రాదు, నీ పీపాలు నువ్వు ఎక్కించుకో."

"నువ్వా? అత్తా, నువ్వు మా అమ్మకి కాపలానా?"

"నేనే. ఎందుకురా అంత ఆశ్చర్యం? ఇంకో డబ్బా కొనిచ్చేదాకా నేనే డబ్బాని. పోయి జిపార్‌తో చెప్పు."

తిలెక్ తల్లి వంక చూశాడు. తల్లి తలూపింది. వాడు నిట్టూర్చి గుమ్మం పక్కన కూలబడ్డాడు. చేతికందిన చెక్కగిన్నె దగ్గరికి లాక్కుని, ఒక ఉప్పుండ తీసి నోట్లో వేసుకున్నాడు.

కాలీచా కళ్ళు తెరిచింది. "ఒరేయ్, అవి తినేవి కావురా!"

సైరాకాన్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"తిననీలే వదినా. ఒకటి తగ్గింది."